మన ఇంకు పెన్నుల సంఘం, హానోవర్ (జర్మనీ): సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి రెండు వారాల ముందే కార్యదర్శి నివేదిక అందరికీ చేరాలని మన నియమావళిలో ఉంది. గడువులోపే పంపుతున్నాను. పేర్లు రాయకూడదని కమిటీలో అనుకున్నాం కాబట్టి ఎవరేం చేశారో పదవులతోనే చెబుతాను. చదివితే ఎవరికి వారు తెలిసిపోతారు.

ముందుగా కృతజ్ఞతలు. మనకు హాలు దొరకని నాలుగు నెలలూ తమ ఇంట్లో సోఫాలు పక్కకు జరిపి చోటిచ్చిన అధ్యక్షులు గారికి, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఉప్మా, టీ పెట్టిన వారి శ్రీమతి గారికి, కొత్త టేబుల్ గుడ్డ మీద ఇంకు ఒలికినా పల్లెత్తు మాట అనని వారి అత్తగారికి సంఘం రుణపడి ఉంది. (ఒలికింది రాయల్ బ్లూ కాబట్టి రెండు ఉతుకుల్లో పోయింది. నలుపు అయ్యుంటే ఏం చేసేవాళ్లమో తెలియదు.) బ్రౌన్‌ష్వైగ్ నుంచి రైలెక్కి వచ్చి, రాత్రి చివరి రైలు దాకా ఉండి, గ్లాసులు కూడా కడిగిపెట్టి వెళ్లిన ఇద్దరు విద్యార్థులకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. వాళ్లింకా సభ్యత్వ రుసుము కట్టలేదని గుర్తుచేసినవాళ్లు, వాళ్లలో సగం పనైనా చేశారా అని ఆలోచించుకోవాలని మనవి.

ఉపాధ్యక్షురాలు గారి గురించి విడిగా చెప్పాలి. లైనే నది ఒడ్డున, 'నానా' అని పిలిచే రంగురంగుల పెద్ద స్త్రీ విగ్రహాలకు దగ్గర్లో శనివారం శనివారం జరిగే పాత సామాన్ల సంత మనందరికీ తెలిసిందే. గడ్డకట్టే చలిలో కూడా పొద్దున్నే అక్కడికి వెళ్లి, డబ్బాల అడుగున చెంచాల మధ్య పడున్న పెన్నులను వెతికి తెచ్చింది ఆవిడే. ఈ ఏడాది కొన్న 23 పెన్నుల్లో 20 ఆవిడ చేతి మీదుగా వచ్చినవి.

ఆ 23లో ఎనిమిది పెలికాన్ 120లు, ఏడు గేహా స్కూలు పెన్నులు, నాలుగు రిఫార్మ్ 1745లు, రెండు పెలికాన్ 140లు (పెలికాన్, గేహా, రిఫార్మ్ అనేవి జర్మన్ పెన్నుల పేర్లు, అంకెలు మోడళ్లవి). మిగతా రెండింటి మీద పేరు చెరిగిపోయింది. ఇప్పుడు 19 చక్కగా రాస్తున్నాయి. రెండు పెన్నులు సామాన్ల కోసం ఎదురుచూస్తున్నాయి. మిగిలిన రెండూ మన చేతుల్లోనే పాడయ్యాయి. దాని సంగతి కింద రాస్తాను.

కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు, ఖరీదైన పెన్నులు కొనగలిగినవాళ్లు కూడా పాత స్కూలు పెన్నుల వెంట ఎందుకు పడతారని. మన సంఘం పెట్టిందే రోజూ రాసుకోవడానికి. అద్దాల అల్మరాలో పెట్టుకునే పెన్నులు మనకొద్దని మొదటి సమావేశంలోనే తీర్మానం చేశాం. ఈ ఊళ్లోనే పెలికాన్ కంపెనీ 1929లో తన మొదటి పిస్టన్ పెన్ను తెచ్చింది. ఆ మెకానిజం పేటెంటు థియోడోర్ కోవాచ్ అనే ఇంజినీరుది. వెనక ఉన్న పిడి తిప్పితే లోపల పిస్టన్ మొన వైపు దిగుతుంది, వెనక్కి తిప్పితే సిరాబుడ్డిలోంచి ఇంకు లాక్కుంటూ పైకి వస్తుంది. కుళ్లిపోయే రబ్బరు తిత్తి ఉండదు, నెలనెలా కొనాల్సిన కార్ట్‌రిడ్జ్ ఉండదు. మన రాజమండ్రి రత్నం పెన్నుకు డ్రాపరుతో ఇంకు పోసిన చేతులు మనలో చాలానే ఉన్నాయి. ఆ డ్రాపరు పని పెన్ను కడుపులోనే జరిగిపోతుందనుకుంటే చాలు.

1950లలో ఇక్కడి పిల్లలు బళ్లో ఇలాంటి పెన్నులతోనే రాశారు. 1955లో వచ్చిన పెలికాన్ 120 వాళ్ల కోసమే. పాళీ స్టీలు, పైన బంగారు పూత. అదే హానోవర్‌లో హార్ట్‌మన్ సోదరుల గేహా కంపెనీ పోటీగా నిలబడింది. తర్వాత 1960లో పెలికానో పేరుతో కార్ట్‌రిడ్జ్ పెన్ను వచ్చింది, పిస్టన్ స్కూలు పెన్నులు మెల్లగా సొరుగుల్లోకి వెళ్లిపోయాయి. పెద్దవాళ్లు పోయాక ఇళ్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఆ సొరుగులు సంతకు వస్తాయి. అందుకే 15, 20 యూరోలకే మనకు దొరుకుతున్నాయి.

గేహా గురించి ఒక మాట. చాలామంది సంతలో పెలికాన్ పక్షి ముక్కులాంటి క్లిప్పు చూడగానే ఎగబడి, పక్కనున్న గేహాను వదిలేస్తున్నారు. అది పొరపాటు. దాని పాళీ కింద చిన్న మీట ఉంటుంది. రాస్తూ రాస్తూ ఇంకు అయిపోతే ఆ మీట నొక్కాలి, దాచిపెట్టిన కాస్త ఇంకు కిందికి దిగుతుంది, పరీక్ష పేపరు పూర్తవుతుంది. స్కూటర్‌లో రిజర్వ్ లాంటిదన్నమాట. మా అబ్బాయి లెక్కల పరీక్షలో సరిగ్గా అదే అక్కరకొచ్చింది.

కొనేటప్పుడు దయచేసి తొందరపడకండి. పిడి తిరగకపోతే బలం పెట్టొద్దు. లోపల ఎండిన ఇంకు పట్టేసిందంతే. అలాంటి పెన్నును ధర తగ్గించి ధైర్యంగా కొనొచ్చు. పాళీ మీద బంగారు పూత పోయినా ఫర్వాలేదు. మొన చివర ఉండే గట్టి లోహపు గింజ అరిగిపోయి ఉంటే మాత్రం వద్దు. క్యాప్ అంచున వెంట్రుకంత బీట ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. ఇంకో సంగతి, 120 పేరుతోనే 1970లలో మెర్ట్స్ ఉంట్ క్రెల్ వాళ్లు పెలికాన్ కోసం తయారుచేసిన పెన్ను వేరు. రెండూ ఒకటే అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి.

ఇక పాడైన రెండింటి సంగతి. ఒకదాన్ని వేడినీళ్లలో వేశారు. రెండోది 120, నానబెట్టకుండానే పాళీ విప్పబోయారు. పాళీ కింద ఉండి ఇంకు అందించే ఫీడ్ ఎబొనైట్‌ది (ఒక రకం గట్టి రబ్బరు), దాని సన్నటి రెక్కలు పెళపెళా విరిగిపోయాయి. ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు, ఇంకోసారి జరగకూడదనే రాస్తున్నాను. గోరువెచ్చని నీళ్లు, రెండు మూడు రోజుల ఓపిక, చివర్లో అగ్గిపుల్ల కొసన ఆవగింజంత సిలికాన్ గ్రీజు, ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు. స్పిరిట్ అసలే వద్దు. డ్రాయింగ్ ఇంకు పోస్తే ఆ పెన్ను మీద ఆశ వదులుకోవడమే.

ఇప్పుడు ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు గురించి.

నవంబరులో పెన్నుల మరమ్మతు శనివారం పెట్టాం. బళ్లో గేహా పెన్నుతో రాస్తూ పెరిగిన జర్మన్ పెద్దాయన ఒకరు మా వీధిలోనే ఉంటారు. ఆయన్ని గురువుగా పిలిచాం. ఆ రోజు కోసం మన సభ్యురాలు ఒకరు విశాఖపట్నం నుంచి వాళ్ల తాతగారి పెన్ను తెప్పించారు. పాత కళ్లజోడు డబ్బాలో, జేబురుమాలు చుట్టి వచ్చింది. ఆకుపచ్చ చారల పెలికాన్ 140. పశ్చిమ జర్మనీ సాయంతో కట్టిన రూర్కెలా ఉక్కు కర్మాగారంలో ఆయన ఇంజినీరుగా చేశారు. 1960లలో ట్రైనింగుకి జర్మనీలోని రూర్ ప్రాంతానికి వచ్చినప్పుడు ఈ పెన్ను కొన్నారట. ఆయన ఇప్పుడు లేరు. ఎవరూ రాయక పెన్నులో ఇంకు రాయిలా గడ్డకట్టింది.

ముందు మూడు రోజులు ఆవిడ ఇంట్లోనే స్టీలు గ్లాసులో పాళీ మునిగేదాకా నీళ్లు పోసి నిలబెట్టారు. రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చారు. మొదటి రోజు నీళ్లలోకి సన్నటి నీలం దారాలు దిగాయట. మూడో రోజుకి కూడా నీళ్లు నీలంగానే ఉన్నాయి. శనివారం బల్ల మీద పెట్టినప్పుడు పిడి కదల్లేదు. మన కుర్రాళ్లు పట్టకారు తీశారు. పెద్దాయన వెంటనే చెయ్యి అడ్డం పెట్టి, పాళీ చుట్టూ ఇంకో నాలుగు చుక్కల నీళ్లు వేసి, కాఫీ తాగుదాం పదండి అన్నారు. అరగంట తర్వాత రబ్బరు ముక్కతో పట్టుకుని పాళీని మెల్లగా తిప్పితే ఊడి వచ్చింది. లోపలికి చుక్కలుగా నీళ్లు, గ్రీజు వేసి మళ్లీ పిడి తిప్పితే ఈసారి పావు చుట్టు తిరిగింది. ఇంకాసేపటికి పూర్తిగా తిరిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకు నింపి ఆవిడ చేతికిచ్చాం. గీరుకుంటూ రాసింది, అక్షరం సగం పడి సగం పడలేదు. పాళీ వంగిందేమోనని భూతద్దం పెట్టి చూశాం, బాగానే ఉంది. అప్పటికి విశాఖలో అమ్మమ్మగారు వీడియో కాల్‌లో ఉన్నారు. ఆవిడ అన్నారు, "ఆయన పెన్ను నిటారుగా పట్టుకునేవారు కాదే అమ్మా, ఎడమకి కాస్త ఒరిగించి పట్టుకునేవారు." అలాగే ఒరిగించి పట్టుకుంటే ఇంకు ధారగా వచ్చింది. ఆ పాళీ ఆయన చేతి వాలుకే అరిగి ఉంది. మనవరాలు మొదట రాసిన మాట "ఉభయకుశలోపరి". జర్మనీ నుంచి ఆయన రాసిన ఉత్తరాలన్నీ అలాగే మొదలయ్యేవట. అమ్మమ్మగారు ఫోను దగ్గరికి తెచ్చుకుని ఆ అక్షరాలను చాలాసేపు చూశారు.

ఆ రోజు మొత్తం 11 పెన్నులు బాగుచేశాం. ఆ పెద్దాయనకు సంఘం తరఫున శాలువా కప్పాం. తర్వాతి నెల సమావేశానికి ఆయన అదే శాలువా కప్పుకుని వచ్చారు.

ఫిబ్రవరిలో జరిగిన తెలుగు చేతిరాత తరగతికి వచ్చినవాళ్లు తక్కువే కానీ అక్కడ తేలిన విషయం అందరికీ పనికొస్తుంది. పాత జర్మన్ పాళీలు చెయ్యెత్తకుండా సాగిపోయే ఇక్కడి కలిపిరాతకు తగ్గట్టు చేసినవి. మన అక్షరాలు గుండ్రం, పైన తలకట్టు, కింద ఒత్తు. బి అని ఉన్న వెడల్పు పాళీతో 'ఝ', 'ఘ' రాస్తే లోపలి ఖాళీలు పూడిపోతాయి, 'క్ష్మ' అయితే ఇంకు ముద్దే. ఓబీ పాళీలు ఏటవాలుగా కోసినవి, మన గుండ్రాలకు చాలామంది చేతిలో కుదరలేదు. ఈఎఫ్, ఎఫ్ అని ఉన్న సన్న పాళీలు వెతకండి. డీ అని ఉంటే అసలు వదలొద్దు. కార్బన్ పేపరు పెట్టి కాపీలు తీసేవాళ్ల కోసం గట్టిగా చేసిన పాళీ అది, ఒత్తి రాసే అలవాటున్న మనకు బాగా సరిపోతుంది. ఈ తరగతి నడిపిన సంయుక్త కార్యదర్శి గారు మూడు రాత్రులు కూర్చుని ఒక్కో పాళీతో వర్ణమాల మొత్తం రాసి నమూనా పుస్తకం తయారుచేశారు. ఆ పుస్తకం సమావేశంలో పెడతాం, తప్పక చూడండి.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంపారు. తనిఖీదారులిద్దరూ చూసి సంతకం పెట్టారు. సంతలో రసీదులు ఇవ్వరు కాబట్టి ఆ కొనుగోళ్లకు ఉపాధ్యక్షురాలు గారి నోటుపుస్తకమే ఆధారం. గ్రీజు, ఇంకు, టీ ఖర్చు పోను కాస్త మిగిలింది. ప్రశ్నలుంటే సమావేశంలో అడగండి.

హాలు విషయం బాధతోనే రాస్తున్నాను. నెలకో శనివారం గది కావాలని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు ఉత్తరం రాశాం. మొదటిదానికి జవాబే లేదు. రెండోదానికి ఫారం మారిందన్నారు. కొత్త ఫారం నింపి పంపితే ఆ గదులు చూసే ఉద్యోగి సెలవులో ఉన్నారన్నారు. నాలుగు నెలలు గడిచాయి. ఆఖరికి అధ్యక్షులు గారు సగం రోజు సెలవు పెట్టి స్వయంగా వెళ్లి కూర్చుంటే ఆ పూటే పని అయింది. ఆ మాత్రం దానికి ఇన్నాళ్లు తిప్పడం న్యాయం కాదు.

ఇంతకంటే ఎక్కువ నొప్పించింది మనవాళ్ల తీరు. మరమ్మతు శనివారానికి సాయం వస్తామని వాట్సాప్ గ్రూపులో 17 మంది బొటనవేలు పెట్టారు. పొద్దున తొమ్మిదింటికి బల్లలు మోయడానికి వచ్చింది నలుగురు. ఆ నలుగురిలో ఒకరికి నడుంనొప్పి. రాలేనివాళ్లు రాలేమని ముందే చెబితే మాకు టెన్షన్ ఉండదు, ఇంకొకరిని అడుగుతాం. పిల్లలు, ఉద్యోగాలు మా ఇళ్లలోనూ ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నం ఫొటోల టైముకి హాలు నిండిపోయింది. ఫొటోలో ఉన్న ప్రతి ఒక్కరూ వచ్చే ఏడాది ఒక్క శనివారం ఉదయం ఇస్తే మాకు ఇంకేమీ అక్కర్లేదు.

అలాగే సంఘం పెట్టెలోంచి వాడుకోవడానికి తీసుకెళ్లిన పెన్నుల్లో ఐదు ఇంకా తిరిగి రాలేదు. మూడు 120లు, ఒక గేహా, ఒక రిఫార్మ్. అవి ఎవరి దగ్గరున్నాయో రిజిస్టరులో ఉంది. సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చేయండి. ఇంకు ఖాళీ చేసి, నీళ్లతో కడిగి తెస్తే ఇంకా సంతోషం. రాస్తూ ఉన్నవాళ్లు ఇంకో ఆరు నెలలు ఉంచుకోవచ్చు, మళ్లీ సంతకం పెడితే చాలు. రాయకుండా సొరుగులో పెట్టుకున్నవాళ్లు మాత్రం ఇవ్వక తప్పదు, ఎందుకంటే ఆరుగురు కొత్త సభ్యులు పెన్ను కోసం ఎదురుచూస్తున్నారు.

వచ్చే ఏడాది సంతకు ఉపాధ్యక్షురాలు గారితో పాటు వెళ్లడానికి ఇద్దరు కావాలి. జర్మన్‌లో బేరం ఆడగలిగితే మంచిది, చలికి తట్టుకోగలిగితే చాలు. సంతకాల కాగితం తలుపు పక్కన బల్ల మీద ఉంటుంది, దాని పక్కనే ఇంకు నింపిన పెన్ను కూడా పెడతాం.

ఇట్లు,
కార్యదర్శి