అడ్రసు రాసిన కార్డు

అవనిగడ్డ,
ఆదివారం.

చి. అమ్మలుకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ క్షేమం తెలియజేయి.

ప్రత్యేకించి సంగతేమీ లేదు. రెండు రోజులుగా ముసురు పట్టి బయటికి కదలనివ్వడం లేదు. నీకు ఉత్తరం రాసి చాలా కాలమైంది కదా అని కూర్చున్నాను. అమ్మ పంపే పచ్చళ్ళ పార్శిల్లోనే ఇదీ పెడుతున్నాను. గోంగూర సీసా మూత మీద కవరు వేసి, గుడ్డ కట్టి, పురికొసతో బిగించాను. నిలబెట్టి విప్పు, లేకపోతే నూనె కారుతుంది. ఉసిరికాయ ఇంకా ఊరలేదు, వారం ఆగి ఒకసారి కలిపి అప్పుడు తిను. తడి చెంచా మాత్రం పెట్టకు.

మనవాళ్ళ కబుర్లు చాలా ఉన్నాయి. బందరు పెద్దత్తకు రెండో కంటికి కూడా శుక్లం తీశారు. కట్టు విప్పి ఇంటికి తీసుకొస్తే వరండాలో నిలబడి, "ఈ గోడలకు సున్నం ఎప్పుడు వేయించార్రా?" అని అడిగింది. ఆ సున్నం వేసి మూడేళ్ళయింది. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయాలి. గంట కొట్టినట్టు టైముకు వేయించుకుంటోంది, ఒక్క పూట తప్పలేదు.

కోడూరు బాబాయి ఈ పంటా పోగొట్టుకున్నాడు. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలింది. నలభయ్యో రోజునే చెరువు పట్టేయాల్సి వచ్చింది. సైజు రాని, కౌంటు లేని రొయ్యకు రేటెవరిస్తారు? మేత బాకీ కూడా తీరలేదట. అయినా ఒక మాట చెప్పాలి. ఆ సాయంత్రమే బండేసుకుని తిన్నగా ఇక్కడికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, "అన్నయ్యా, మొత్తం పోయింది" అన్నాడు. ఎంత పోయిందో, ఎవరికెంత ఇవ్వాలో అన్నీ చెప్పేశాడు. చెప్పాక కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు. మీ అమ్మ రెండోసారి వడ్డిస్తే అదీ తిన్నాడు. అలా వచ్చి చెప్పినందుకు నాకు వాడి మీద ఎంత గౌరవం కలిగిందో!

రేపల్లె బుజ్జికి ఆడపిల్ల. మూడు కిలోలు, తల్లీ పిల్లా కులాసా. బాలసారెకు మేమిద్దరం వెళ్ళాం. అమ్మలు రాలేదేం అని అందరూ అడిగారు. ఆఫీసులో సెలవు దొరకలేదని చెప్పాను. అప్పుడు విజయవాడ పిన్ని నా వంక అదోలా చూసి, చేతులు కడుక్కునే చోట పక్కకు పిలిచింది. "అమ్మలు ఆఫీసుకు వెళ్ళడం లేదటగా బావగారూ, రెండు నెలలైందటగా" అంది. ఎవరు చెప్పారంటే, బెంగళూరులో ఉండే వాళ్ళ ఆడపడుచు కోడలు అందట. అదేం లేదన్నాను. ఇంటికొచ్చాక మీ అమ్మతో కూడా అనలేదు. అది వేరే దారిలో తెలుసుకుంది, ఆ సంగతి తర్వాత రాస్తాను.

పంతొమ్మిదో తేదీకి పెదనాన్న గుంటూరు నుంచి వచ్చాడు. ఏటా వస్తాడుగా. ఇద్దరం పాలకాయతిప్ప వెళ్ళి స్తూపం దగ్గర కాసేపు నిలబడి వచ్చాం. మోకాళ్ళు బాగా నొప్పులు చేశాయి, బస్సు మెట్టు ఎక్కలేకపోతున్నాడు. వంతెన పడ్డాక రేపల్లె నుంచి నిమిషాల్లో పులిగడ్డ చేరుతున్నారు. ఆయన మాత్రం వంతెన మీద బస్సు పోతుంటే ఇప్పటికీ కిటికీ లోంచి నీళ్ళనే చూస్తాడు. తిరుపతి ఎన్నిసార్లు వెళ్ళినా మూడు కత్తెర్లే తప్ప గుండు చేయించుకోడేం అని నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి. మొక్కు లేదులే అని తప్పించేవాణ్ణి. ఇప్పుడు నీకు చెప్పవచ్చు. ఆయన్ని అడిగే రాస్తున్నాను.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన సంగతి నీకు తెలిసిందే. దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. నాకు పదేళ్ళు. మన వీధిలో అన్నీ మట్టిగోడల ఇళ్ళే, ఒక్కటీ నిలవలేదు. నీళ్ళొచ్చేసరికి తాతయ్య మమ్మల్ని మోతుబరి గారి డాబా మీదికి ఎక్కించారు. చిట్టి సంగతి నీకు తెలుసు, మళ్ళీ రాయలేను. నీళ్ళు తీశాక కట్ట పట్టుకుని నడిచి అవనిగడ్డ చేరాం. అక్కడ బడిలో ఉంచారు. రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరుగుతున్నారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. సాయంగా వచ్చిన బట్టల మూటలోంచి నాకు ఒక చొక్కా ఇచ్చారు. ఎవరో పెద్దాయనది, మోకాళ్ళ దాకా వచ్చేది. జేబులో బస్సు టిక్కెట్టు ముక్క ఉంది. అది చాలా రోజులు దాచుకున్నాను.

పెదనాన్న అప్పుడు గుంటూరు హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. దివి మునిగిపోయిందన్న మాట తప్ప ఇంకేమీ తెలియదు. తాతయ్య ఒక కార్డు రాసి, బట్టలు పంచడానికి వచ్చిన కుర్రాడి చేతికిచ్చి గుంటూరులో వేయమన్నారు. అది హాస్టలుకు చేరేసరికే ఈయన బయల్దేరిపోయాడు. బస్సు దొరికినంత మేర బస్సు, మిగతాది నడక. పెనుమూడి రేవులో బల్లకట్టు లేదు. పడవ దొరికేదాకా రెండు రోజులు ఒడ్డునే కూర్చున్నాడు. ఇవతలికి వచ్చాక ఊరు చేరాలన్న ఆత్రంలో మేమున్న బడి గోడ పక్కనుంచే నడిచి వెళ్ళిపోయాడు. లోపల మేం ఉంటామని ఆయనకేం తెలుసు?

ఊరికి వెళితే ఇల్లు ఎక్కడుండేదో కూడా ఆనవాలు దొరకలేదట. పెరట్లో రోలు ఒక్కటే సగం ఒండ్రులో కూరుకుపోయి కనబడింది. దాని మీద కూర్చున్నాడు. అటుగా పోతున్న ఎవరో, "మీ వీధిలో ఒక్కరూ మిగల్లేదు బాబూ" అన్నాడట. ఆ మనిషెవరో ఈనాటికీ తెలియదు. అబద్ధం చెప్పాలని చెప్పి ఉండడు, తను విన్నదే చెప్పి ఉంటాడు. ఈయన నమ్మాడు. పులిగడ్డ దగ్గర ఏటి ఒడ్డున వరసగా కూర్చుని గుండ్లు చేయించుకుంటున్నారట. తనూ ఆ వరసలో కూర్చున్నాడు. కృష్ణలో మునిగి అమ్మకీ నాన్నకీ నీళ్ళు వదిలాడు. అది అయ్యాక, పోయినవాళ్ళ పేర్లు రాయించడానికి బడికి వచ్చాడు.

అన్నం వరసలో నేనే ముందు చూశాను, కాని గుర్తుపట్టలేదు. నాయనమ్మ నడక చూసి పోల్చుకుంది. పళ్ళెం కింద పెట్టేసి వెళ్ళి ఎదురుగా నిలబడి, "ఎవరికిరా ఇది?" అని తల చూపించి అడిగింది. ఆయనకు నోట మాట రాలేదు. అప్పుడు అర్థమైంది ఆవిడకు. కొంగు తీసి తల నిండా కప్పేసి గుండెకు అదుముకుంది. తాతయ్య మాత్రం, "జుట్టే కదరా, వస్తుంది. ముందు అన్నం తిను" అన్నారు. చిట్టి సంగతి తిన్నాక చెప్పారు.

2003లో తాతయ్య నిజంగా పోయినప్పుడు, మంగలి వచ్చి పీట వేశాక, పెదనాన్న లేచి లోపలికి వెళ్ళి ఇంకోసారి చూసి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. ఎందుకలా వెళ్ళాడో మిగతావాళ్ళకి తెలియలేదు. నాకు తెలుసు.

అందుకే తల్లీ, పిన్ని చెప్పిన మాట నేను నమ్మలేదు. ఎవరో అన్న మాట మీద మన ఇంట్లో ఏదీ నమ్మం. నువ్వు చెబితేనే నమ్ముతాను. అలాగని నువ్వేమీ చెప్పడం లేదు. ఇరవై మూడు రోజులుగా ఫోను ఎత్తలేదు. మెసేజీ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి వస్తుంది. మీ అమ్మ ఆ బొమ్మ ఎన్ని గంటలకు వచ్చిందో చూస్తుంది. పగలు పదకొండింటికి, మూడింటికి వస్తున్నాయి, ఆఫీసులో ఉంటే ఆ వేళప్పుడు ఫోను చూడదు కదా అని అడిగింది. అదీ దానికి తెలిసిన దారి.

మందలించడానికి రాయడం లేదు. ఉద్యోగం మానేసినా, వాళ్ళే తీసేసినా, అది నీ తప్పని మేమనుకోం. కాకపోతే సహకార సంఘంలో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. రిలీవింగు లెటరు చేతికి తీసుకున్నావా? లేకపోతే వెంటనే అడుగు. రేపు ఇంకోచోట చేరేటప్పుడు ముందు అదే అడుగుతారు. పీఎఫ్ డబ్బు కదపకు. యూఏఎన్ నంబరు ఎక్కడ చేరినా అదే, కొత్త కంపెనీకి మార్పించుకోవచ్చు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా మామూలుగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. వెంటనే నీ పేరున సొంతంగా ఒకటి తీసుకో, ప్రీమియం నేను కడతాను. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే నెల దాటనివ్వకు. ఎంతుందో చెప్పు, పంపుతాను. ఇంటద్దెకు ఇబ్బందిగా ఉంటే గది ఖాళీ చేసి వచ్చెయ్. నీ గది తుడిపించాను. కిటికీ గడియ కూడా బాగు చేయించాను. ఇక్కడినుంచే ఇంటర్వ్యూలు ఇవ్వవచ్చు, నెట్టు వేయిస్తాను. ఇవన్నీ అక్కర్లేదంటే మరీ సంతోషం.

చూశావా, నాలుగు మాటలన్నాను, పేజీ నిండింది.

అమ్మకు షుగరు అదుపులోనే ఉంది. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదంటోంది. డాక్టరు మందు మార్చాడు. మందుతో తగ్గేది కాదని నాకు తెలుసు. కార్తీకమాసం అంతా నీ పేరున ఒక దీపం విడిగా పెట్టింది. అక్కడ చలి ఎక్కువగా ఉందని టీవీలో చెప్పారు. పార్శిల్లో అడుగున నీలం స్వెట్టరు ఉంది, పొద్దున్నే బయటికి వెళ్ళేటప్పుడు చెవులకు ఏదైనా కట్టుకో.

ఉప్పెన తర్వాత తాతయ్య ఇంట్లో ఒక పద్ధతి పెట్టారు. బయట ఉన్నవాళ్ళు ఆదివారం ఆదివారం కార్డు వేయాలి. పిల్లలు బద్ధకిస్తారని అడ్రసు తనే రాసి, కట్టగా కట్టి ఇచ్చేవారు. ట్రంకు పెట్టెలో నువ్వు చూసినవి అవే. "అంతా క్షేమం" అని తప్ప ఏమీ ఉండదేంటి నాన్నా అని నవ్వావు. పెదనాన్న అన్నేళ్ళూ రాసింది ఆ రెండు మాటలే. తాతయ్య అవే రెండుసార్లు చదివేవారు.

పోస్టాఫీసులో ఇంకా కార్డులు అమ్ముతున్నారు. ఒకటి పంపుతున్నాను. ముందు వైపు మన అడ్రసు రాసేశాను, పిన్‌కోడుతో సహా. వెనక వైపు ఖాళీగా ఉంచాను.

ఆశీస్సులతో,
నాన్న

కార్డు పచ్చడి సీసాలకు దూరంగా, స్వెట్టరు మడతలో పెట్టాను. స్వెట్టరు విదిలించకుండా నెమ్మదిగా విప్పు.