చెల్లీ, ఇది అమ్మకు చదివి వినిపించు

మాల్దీవులు,
ఆదివారం రాత్రి

అమ్మకు, నాన్నకు నమస్కారాలు. చెల్లికి ఆశీస్సులు.

నేను బాగానే ఉన్నాను. సోంపేట అబ్బాయి సెలవు మీద వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను. అమ్మా, ఫోనులో చెబుదామంటే సగంలోనే నీకు ఏడుపొస్తుంది, నాన్న ఫోను లాక్కుని అక్కడ వానలు పడుతున్నాయా అని అడుగుతాడు. ఉత్తరమైతే మధ్యలో అడ్డు తగలలేరు.

పని మామూలే. ఏసీలు, ఫ్రిజ్‌లు, మళ్ళీ ఏసీలు. ఉప్పుగాలికి ఏదీ ఏడాది నిలవదు. జీతం వేళకు వస్తోంది.

ఇక ఆ ఫొటో సంగతి. బావ చూపించేశాడట కదా. వీపున సిలిండర్, నోట్లో గొట్టం, అది నేనే. డబ్బు తగలేయలేదమ్మా. సిలిండర్లు నింపే కంప్రెసర్ పాడైతే నేను బాగుచేశాను. అందుకు బదులుగా స్కూబా, అంటే ఇలా సిలిండర్‌తో నీళ్ళలో మునగడం, నేర్పే శ్రీలంక ఆయన నాకు ఊరికే నేర్పాడు. అందులో ఉండేది ఆసుపత్రి ఆక్సిజన్ కాదు, మనం పీల్చే గాలే, గట్టిగా కుక్కి నింపుతారు.

"జాలరి కొడుక్కి సముద్రంలో మునగడం ఒకడు నేర్పాలా" అని నాన్న నవ్వాడని విన్నాను. నేర్పాల్సి వచ్చింది నాన్నా. పైగా నువ్వు నేర్పింది ముందు మరిచిపోవాల్సి వచ్చింది. మునిగితే ఊపిరి బిగబట్టమన్నావు నువ్వు. ఇక్కడ మొదటి పాఠమే ఊపిరి బిగబట్టకూడదని. పది మీటర్ల లోతున పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపవుతుందట, బిగబడితే ఊపిరితిత్తులే చిరుగుతాయట. నేనేమో తల మునగగానే అలవాటు కొద్దీ బిగబట్టేవాణ్ణి. ఆయన ఛాతీ మీద తట్టి, వదలమని సైగ చేసేవాడు. రెండో రోజు ఇంకో తప్పు. బాగుందని బొటనవేలు ఎత్తి చూపించాను, వెంటనే నన్ను పైకి తీసుకుపోయాడు. నీళ్ళ కింద ఆ సైగకు 'పైకి పోదాం' అని అర్థమట! బాగుందని చెప్పాలంటే రెండు వేళ్ళు కలిపి సున్నా చుట్టాలి.

అమ్మా, నీ భయం నాకు తెలుసు. కానీ నాన్న గుజరాత్‌లోని వీరావల్ బోట్లలో నెలల తరబడి ఉన్నప్పుడు ఇంత గొడవ చేశావా? 2018లో మన జిల్లా వాళ్ళను అక్కడి నుంచే కదా పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయారు, 2020 జనవరిలో గానీ వదలలేదు. నేను దిగేది గంటలోపు. తోడు లేనిదే దిగనివ్వరు, 18 మీటర్లు దాటనివ్వరు, పైకి వచ్చే ముందు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆపుతారు. విమానం ఎక్కే ముందు రోజు అసలు దిగను. చాలా?

చెల్లీ, ఈ ముక్క మాత్రం అమ్మకు చదవకు. సొరలు కనిపించాయి. రెక్క కొన నల్లగా, మనిషంత పొడవు కూడా లేవు. మమ్మల్ని చూసి అవే తప్పుకున్నాయి. 2010లో ఇక్కడ సొరల వేట నిషేధించారు, నాన్నకు విడిగా చెప్పు. ట్యూనాను కూడా వలతో కాదు, గేలంతో ఒక్కొక్కటే పడతారని చెబితే నమ్మడు.

ఇక్కడి నుంచి గట్టిగా చదువు.

టేకు చేపను చూశాను నాన్నా. మన పడవలోకి రాగానే ముల్లు గుచ్చుకుంటుందని నువ్వు ముందు తోక నరుకుతావే, ఆ టేకే. వీపంతా తెల్లచుక్కలు. రెక్కలు ఆడిస్తూ మా తల మీదుగా పోయింది. ఇన్నేళ్ళూ దాన్ని బల్ల మీద ముద్దలాగే చూశాను. చిలక ముక్కు చేప ఒకటుంది, పగడపు రాయిని కరకరా కొరుకుతుంది, ఆ చప్పుడు మనకు వినిపిస్తుంది. తిన్న రాయి ఇసుకై బయటికి వస్తుంది. ఇక్కడ దొరలు తువ్వాలు పరుచుకుని పడుకునే తెల్ల ఇసుకలో చాలా మటుకు ఆ చేప చలవే.

అమ్మా, శుక్రవారం పన్నెండు మీటర్ల దగ్గర చేతికేసి చూసుకుంటే, శ్రీకూర్మంలో నువ్వు కట్టిన ఎర్రదారం నల్లగా ఉంది. గుండె గుభేలుమంది. పైకి వచ్చాక ఎర్రగానే ఉందిలే. నీళ్ళు ముందుగా ఎరుపునే మింగేస్తాయట.

ఆ దారం చూసుకుంటూ తల ఎత్తితే ఎదురుగా తాబేలు. మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చే జాతి కాదు, గద్దముక్కుది. పగడపు గట్టు మీద పెరిగే స్పాంజి అనే జీవిని పీక్కుని తింటోంది. రాలిన తునకల కోసం పచ్చచేపలు దాని మూతి చుట్టూ మూగాయి. ముట్టుకోకూడదు, దారికి అడ్డం పోకూడదు. చేతులు కట్టుకుని రెండు బారల దూరంలో ఆగిపోయాను. ఒకసారి నాకేసి చూసి మళ్ళీ తిండిలో పడింది. కాసేపటికి తీరిగ్గా పైకి లేచి, తల బయట పెట్టి గాలి పీల్చి, వచ్చి అదే చోట వాలింది.

అంతే అమ్మా, దానికి కావలసింది ఆ ఒక్క గుక్క. వలలో చిక్కితే అదే అందక చచ్చిపోతుంది. నేను ఆరో తరగతిలో ఉండగా నాన్న కొత్త వల కోసేసిన రాత్రి గుర్తుందా? అప్పు ఇంకా తీరలేదు. రెండు చిక్కితే ఒకటి అప్పటికే చచ్చింది. రెండోదాని కోసం కత్తి తీశాడు. దాన్ని నీళ్ళలోకి జారవిడిచాక ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. నువ్వు ఇప్పటికీ పండక్కి చీర మాట వచ్చినప్పుడల్లా ఆ వల ధర చెబుతావు. నాకూ అప్పుడు నీ మాటే సబబనిపించింది. ఈ నెల పంపే డబ్బులో ఆ వల ధర కూడా కలిపాను. ఆ లెక్క కొట్టెయ్. నాన్న దగ్గర మళ్ళీ ఎత్తకు.

వంటింటి రేకులు మార్పించారా? చెల్లీ, ఈ ఏడు మన ఒడ్డున తాబేళ్ళు గుడ్లు పెట్టాయా, పిల్లల్ని ఎప్పుడు వదులుతారో కనుక్కో. సోంపేట అబ్బాయి తిరిగి వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్ళు పంపు, వాసన రాకుండా రెండు కవర్లలో కట్టు. శ్రీకూర్మం వెళితే ఇంకో దారం కూడా. ఇది ఉప్పునీళ్ళకు పీచుపీచైంది.

ఉంటాను,
మీ పెద్దోడు