తంజావూరు దాకా వెళ్తే అరపూట ఆగండి

సంపాదకులకు నమస్కారం.

1989లో త్యాగరాజ ఆరాధనకని తిరువయ్యారు వెళ్ళి, పనిలో పనిగా తంజావూరు చూశాను. మళ్ళీ పోయిన నెల వెళ్ళాను. పెద్ద గుడి నంది అలాగే ఉంది, నా మోకాళ్ళే మారాయి.

ఈ ఊళ్ళో తమిళం ఎక్కడ ఆగి తెలుగు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. గుడి కట్టింది రాజరాజ చోళుడు. తర్వాత 1673 దాకా తెలుగువాళ్ళైన నాయక రాజుల ఏలుబడి. రఘునాథ నాయకుడి కొలువులో రామభద్రాంబ లాంటి కవయిత్రులు ఉన్నారు. ఆ పైన వచ్చిన మరాఠా రాజు శాహజీ కూడా తెలుగులోనే ‘పల్లకి సేవా ప్రబంధం’ రాశాడు. ఇక్కడి సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు ఇప్పటికీ ఉన్నాయి.

కోట దగ్గర కాఫీ కొట్టాయన నా మాట విని, “తెలుగోళ్ళా? మా ఇంట్లోనూ తెలుగేనండి, చదవను మాత్రం రాదు” అన్నాడు. క్యాష్ డబ్బా మీద పేరు తమిళంలో ఉంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇలాంటి మనిషితో మాట్లాడాలని కూడా తోచలేదు నాకు.

మనవాళ్ళు బస్సుల్లో వచ్చి గుడి ముందు ఫొటో దిగి కుంభకోణం వెళ్ళిపోతున్నారు. మీ పర్యాటక పేజీలో సరస్వతీ మహల్ గురించి, ఏటా తెలుగు నాటకాలాడే మేలట్టూరు గురించి ఒకసారి వివరంగా రాయించండి.

– ఒక పాఠకుడు, తెనాలి