నా కాలు కడిగిన మామ్మగారికి, పడవ తెచ్చిన తమ్ముడికి

అందరికీ వందనాలండీ.

వరద తీసి మూడు వారాలైంది. కరెంటు వచ్చింది, మా ఆవిడ షుగర్ అదుపులోకి వచ్చింది, ఇల్లు ఒక కొలిక్కి వచ్చింది. ఇంకా ఈ నాలుగు ముక్కలు రాయకపోతే తప్పు. పేర్లు రాద్దామనుకుంటే "పేరెందుకండీ" అన్నారు ఇద్దరూ. సరే, మా లంకలో వాళ్లెవరో చెప్పక్కర్లేదు.

ఈ 2022 జూలైలో గోదారి ఎర్రగా తిరిగినప్పుడే గ్రామ సచివాలయం వాళ్లు ఇంటింటికీ వచ్చి ఖాళీ చేయమన్నారు. "ఎనభై ఆరంత రాదులెండి, మా అరుగు ఎక్కదు" అని పంపించేశాను. 1986 వరదలో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులు వచ్చింది. ఆ అంకె నాకు కంఠతా వచ్చు, ఎవరు దొరికితే వాళ్లకి అప్పజెప్పేవాణ్ణి. ఈసారి 71.3 దగ్గర ఆగింది. అంటే మాట నాదే నెగ్గింది! కాకపోతే అప్పటికి మా ఇంట్లో నీళ్లు కిటికీ దాకా ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వేశారు, కిందికి వదిలింది 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మేమిద్దరం మంచం మీద మంచం వేసుకుని దాని మీద కూర్చున్నాం.

తెల్లారి నాటు పడవ వచ్చింది. గెడ వేస్తున్న కుర్రాణ్ణి చూడగానే "ముందు మిగతావాళ్లని చూడు బాబూ, మేం తర్వాత వస్తాం" అన్నాను. వినడానికి త్యాగంలా ఉంటుంది. అసలు సంగతి, ఆ పడవ ఎక్కడం నాకిష్టం లేదు.

ఎందుకో కూడా రాయాలి. నాలుగేళ్ల కింద యువజన కూడిక లెక్కల్లో పన్నెండు వందలు తేడా వస్తే, ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కూర్చుని ఉండగానే ఈ కుర్రాణ్ణి నిలబెట్టి అడిగాను. నేను సంఘ పెద్దని, పైగా రిటైరైన మాస్టారిని. నిలబెట్టి అడగడం అలవాటైన పని. నెల తిరక్కుండా షామియానా వాళ్ల రసీదు నా బైబిల్లోనే దొరికింది. పాస్టరుగారికి చెప్పాను, లెక్క సరిచేశాను. అతనికి మాత్రం చెప్పలేదు. "తెలిసే ఉంటుందిలే" అనుకున్నాను. ఆ కుటుంబం మా మందిరానికి రావడం మానేసింది. వాళ్లకి ఆత్మీయత తగ్గిపోయిందని నేనే ఒకరిద్దరితో అన్నాను కూడా.

ఆ కుర్రాడు పడవలోంచి అన్న మాట ఒక్కటే: "మాస్టారూ, అమ్మగారి మందులు ముందు ఇలా ఇవ్వండి, తడిసిపోతాయి." కవర్లో చుట్టి తన చొక్కాలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మేం ఎక్కాం.

తమ్ముడూ, ఆ రోజు లెక్కలో తప్పు నీది కాదు. రసీదు నా దగ్గరే ఉంది. అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను. నన్ను క్షమించు.

హైస్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రం గురించి పెద్దగా రాసేదేం లేదు, బాగానే చూశారు. పులిహోర ప్యాకెట్ల దగ్గర మాత్రం ఒక పిల్లాడు "వరుసలో రండి, తోసుకోకండి" అని అరిచాడు. ప్రతి క్రిస్మస్‌కీ దుప్పట్లు పంచుతూ నేనరిచే మాట అదే. ఫొటో దిగేదాకా దుప్పటి చేతిలోంచి వదిలేవాణ్ణి కూడా కాదు.

నీళ్లు తీశాక ఇంటికొస్తే గదుల్లో మోకాలి లోతు ఒండ్రు. చెప్పకుండానే పదిమంది దాకా పారలు, తట్టలు పట్టుకుని దిగారు. సగంమంది మా సంఘం వాళ్లు కారు, కొందరు అసలు క్రైస్తవులే కారు. అందరికీ పేరుపేరునా నమస్కారాలు. రెండోరోజు ఆ బురదలో నా అరికాల్లో సీసా పెంకు దిగింది. పెంకు తీశాను గానీ బురద గాయంలోకి పోయింది, సాయంత్రానికి కాలు వాచింది.

ఒండ్రు ఎత్తడానికి వచ్చిన మామ్మగారు అది చూశారు. డెబ్బై దాటిన మనిషి. ఏటా నా చేత్తో దుప్పటి తీసుకునేవారు. వేణ్నీళ్లలో కళ్లుప్పు వేసి, బేసిన్ తెచ్చి నా ముందు కింద కూర్చున్నారు. నేను కాలు వెనక్కి లాక్కున్నాను. "వద్దు మామ్మగారూ, పెద్దవారు, మీచేత కాళ్లు కడిగించుకోవడమేంటి."

"ఆయ్, మీరిచ్చిన దుప్పటి నేను పుచ్చుకోలేదేటండీ? కాలిటివ్వండి."

ఇచ్చాను. వేళ్ల సందుల్లో ఎండిపోయిన మట్టిని బొటనవేలితో మెల్లగా రాల్చారు. మూడుసార్లు నీళ్లు మార్చారు. మూడోసారి బేసిన్ అడుగు కనబడింది. నేను తల పక్కకి తిప్పుకుని గోడ మీద నీటిచార చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లి టీటీ ఇంజక్షన్ కూడా చేయించుకున్నాను లెండి, అదీ ఆవిడ పోరు పడలేకే.

యేసు ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగిన యోహాను సువార్త 13వ అధ్యాయం మీద నేను ఎన్నిసార్లు మాట్లాడానో. ప్రభువు తువాలు కట్టుకోవడం గురించే చెప్పేవాణ్ణి, మనమూ వంగి సేవ చేయాలని. ఆ శిష్యుల్లో ఒకడైన పేతురు "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్న చోట మాత్రం, పాపం ఎంత వినయమో అని దాటేసేవాణ్ణి. అది వినయం కాదని నాకు ఆ బేసిన్ దగ్గర తెలిసింది. ఎప్పుడూ ఇచ్చేవాడిగానే ఉండాలి, చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాలి అన్న పట్టుదల అది. నాకు బాగా తెలుసు, నాదీ అదే. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు" అని, అంటే నాతో నీకు భాగం లేదని, ప్రభువు అంత గట్టిగా ఎందుకన్నాడో ఇన్నేళ్లూ ఆలోచించనే లేదు.

ఇంకొకటి. మాది నాలుగు తరాల విశ్వాసమని, నరసాపురం దొరల కాలం నుంచీ ఉన్నవాళ్లమని సాక్ష్యం చెప్పినప్పుడల్లా అంటాను. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ గార్ల పేర్లు తప్పకుండా చెబుతాను. వాళ్లలో ఒకాయన రాతిపని మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టే ఆయన. ఈ ముక్క మాత్రం ఏనాడూ నా నోట రాలేదు. తెలియక కాదు.

నేను మారిపోయానని రాయడం లేదండీ. మొన్ననే మందిరంలో కుర్చీలు సర్దేవాళ్ల మీద గొంతు లేచింది, మా ఆవిడ నా కాలి వైపు చూసింది, ఆగాను.

మామ్మగారూ, గాయం మానింది. తమ్ముడూ, ఆదివారం సాయంత్రం మీ ఇంటికి వస్తాం, అమ్మకి చెప్పు. మా పెరట్లో రెండు పారలు, ఒక ఇనప తట్ట ఉండిపోయాయి. తట్టకి ఒక చెవి లేదు. ఎవరివో చెబితే కడిగి, నేనే తెచ్చి ఇస్తాను.