పంపిన పటం చేరిందో లేదో తెర చూపాలి

ఎడిటర్ గారికి,

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు 2022 డిసెంబరులో ట్యాబ్‌లు ఇచ్చారు. తర్వాత తరగతి గదుల గోడలకు పెద్ద టచ్ ప్యానెళ్లూ వచ్చాయి. ట్యాబ్‌లో గీసిన పటాన్ని వేలితో ప్యానెల్ మీదికి నెట్టే యాప్‌లు కొనేముందు ఒక సంగతి తప్పక చూడాలి. పటం చేతిలో ఉందా, దారిలో ఉందా, చేరిందా అన్నది తెర మీద కనిపిస్తూనే ఉండాలి.

వేలు ఆనించిన 100 మిల్లీసెకన్లలోపు పటం కాస్త పైకి లేచినట్టు కనబడాలి. ఆలస్యమైతే పిల్లలు అంటుకోలేదేమోనని మళ్లీ మళ్లీ నొక్కుతారు. పటం వేలి కింద దాగకుండా సెంటీమీటరు పైకి జరిపి చూపాలి. అంచుకు రాగానే అవతల ఉన్న పరికరం పేరు తెలుగులో వెలగాలి.

అసలు చిక్కు దారిలోనే. వేలు ఎత్తగానే ట్యాబ్‌లో పటాన్ని మాయం చేసే యాప్‌లున్నాయి. ఒకే వైఫై రౌటరు మీద నలభై ట్యాబ్‌లు నడిచే గదిలో పటం చేరడానికి కొన్ని సెకన్లు పట్టొచ్చు, మధ్యలో ఆగిపోనూవచ్చు. అప్పుడది ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. పిల్లల పని పోతే తప్పు యాప్‌దే, వాళ్లది కాదు. పంపిన చోట పటం మసకగా నిలవాలి. చేరాల్సిన చోట పంపినవారి పేరుతో ఖాళీ చట్రం రావాలి. ప్యానెల్ ‘అందింది’ అని జవాబిచ్చాకే మసక పటం తొలగాలి; జవాబు రాకపోతే పాత చోటే మళ్లీ పూర్తి రంగులోకి రావాలి. జవాబు ఒక్కటే దారిలో పోతే పిల్లలు రెండోసారి నెడతారు. అప్పుడు రెండు నకళ్లు పడకుండా ప్రతి పటానికీ విడి గుర్తింపు సంఖ్య ఇవ్వాలి.

చాలా ప్యానెళ్లు అంచుల్లోని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో వేలిని పసిగడతాయి. కిరణాలు అద్దానికి కొంచెం పైనుంచి పోతాయి కాబట్టి చీర కొంగు, చొక్కా చెయ్యి అడ్డొచ్చినా వేలనే అనుకుంటాయి. అంచుల్లో సుద్దపొడి పేరుకుంటే స్పర్శ మధ్యలో తెగుతుంది, పటం పక్కవాళ్ల లెక్క మీద పడుతుంది. తెగాక యాప్ 150 మిల్లీసెకన్లు ఆగి చూసి, ఆలోపు అక్కడే వేలు తగిలితే లాగడం కొనసాగించాలి.

నలుగురు ఒకేసారి లాగుతుంటే ఏది ఎవరిదో తెలియాలి. 1999లోనే జపాన్ పరిశోధకుడు జున్ రెకిమోటో, సహచరుడితో కలిసి, ల్యాప్‌టాప్ నుంచి బల్ల మీది వస్తువు దాకా వెలుగు గీత గీసి చూపారు. ఆ గీతతోపాటు పేరు కూడా ఉండాలి, రంగొక్కటే చాలదు. చేతులు వణికే పిల్లలు లాగలేరు. వెబ్‌ను వైకల్యం ఉన్నవారూ వాడగలిగేలా చేయడానికి 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం అలాంటివారికి నొక్కి పంపే మార్గం ఉండాలంటోంది. పటాన్ని నొక్కి, ప్యానెల్ పేరు నొక్కితే వెళ్లిపోవాలి.

విద్యాశాఖ అధికారులకు మా మనవి: డెమోలో ఒకేసారి ముప్పై ట్యాబ్‌ల నుంచి పటాలు పంపించి, అవి దారిలో ఉండగా రౌటరు ఆపించండి. చేరని పటం ట్యాబ్‌లో తిరిగి కనిపించకపోతే ఆ యాప్ కొనకండి.

— టచ్‌స్క్రీన్ యాప్‌ల రూపకర్తలు, విశాఖపట్నం