పాస్‌పోర్టు చూడకుండా టూర్ డబ్బు తీసుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

దాళ్వా కోతలు అయి, పిల్లలకు సెలవులు ఇచ్చేసరికి మా కోనసీమలోనూ, అటు పాలకొల్లు, భీమవరం వైపూ విదేశీ టూర్ల ఫ్లెక్సీలు వెలుస్తాయి. బ్యాంకాక్, సింగపూర్, దుబాయ్, బాలి. ఒకప్పుడు ఇక్కడి నుంచి విమానం ఎక్కేది ఎక్కువగా కువైట్‌కో మస్కట్‌కో పనికి వెళ్ళేవాళ్ళు, అమెరికాలో పిల్లల్ని చూడబోయే పెద్దవాళ్ళు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ సరదాగా వెళ్ళొస్తున్నారు. 2023 చివర్లో థాయిలాండ్, మలేసియా మనవాళ్ళకు వీసా అక్కర్లేదన్నాక ఈ ఉత్సాహం ఇంకా పెరిగింది. సంతోషమే. కానీ ఆ ఫ్లెక్సీల మీద హోటల్ ఎన్ని స్టార్లదో ఉంటుంది, మన భోజనం పెడతామని ఉంటుంది. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలన్న మాట మాత్రం నాకు ఒక్కదాని మీదా కనపడలేదు. టూర్ డబ్బు పుచ్చుకునేవాళ్ళు ముందు పాస్‌పోర్టు చూడాలనీ, ఈ నియమాన్ని రసీదు మీద తెలుగులో అచ్చువేయాలనీ కోరుతూ ఇది రాస్తున్నాను.

చాలామంది అనుకునేది ఒకటే: పాస్‌పోర్టు మీద వేసిన తేదీ దాటనంత వరకు అది చెల్లుతుంది. మన దేశం వరకు అది నిజమే. సింగపూర్, మలేసియా, ఇండోనేసియా, దుబాయ్ లాంటి చోట్ల మాత్రం అక్కడ దిగే రోజు నుంచి లెక్కేస్తే ఇంకా ఆరు నెలలు ఉండాలి. మే 10న దిగుతుంటే గడువు కనీసం నవంబరు 10 దాకా ఉండాలన్నమాట. అక్టోబరు 28తో అయిపోయే పాస్‌పోర్టు చేతిలో ఉన్నా లేనట్టే. అక్కడ ఎవరికైనా జబ్బు చేసి, ప్రమాదం జరిగి ఎక్కువ రోజులు ఉండిపోవాల్సి వస్తే ఈలోగా పాస్‌పోర్టు చెల్లకుండా పోకూడదన్నది వాళ్ళ ఉద్దేశం. అవతలి దేశం రానివ్వకపోతే ఆ ప్రయాణికుణ్ణి వెనక్కి తెచ్చే భారం విమాన సంస్థ మీదే పడుతుంది. అందుకే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. బతిమాలినా లాభం ఉండదు.

ఈ నియమానికి ఎక్కువగా దొరికిపోయేది పిల్లలు. పెద్దవాళ్ళ పాస్‌పోర్టు పదేళ్ళు చెల్లుతుంది. పిల్లలకు మామూలుగా ఐదేళ్ళకే ఇస్తారు. అందరికీ ఒకే రోజు తీయించినా పిల్లలది ముందే అయిపోతుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. మా వీధిలో ఒక కుటుంబం కిందటి వేసవిలో సింగపూర్ బయలుదేరింది. రాత్రి బస్సులో శంషాబాద్ చేరి, లగేజీ తూకం దాకా వచ్చాక, కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టులన్నీ తిరగేసి చిన్నబ్బాయిది ఒక్కటీ పక్కన పెట్టిందట. "ఇంకా నాలుగు నెలలు ఉందిగా అమ్మా" అంటే "ఆరు ఉండాలండీ" అంది. పిల్లాణ్ణి వదిలి ఎవరు వెళ్తారు? అంతా వెనక్కి వచ్చేశారు. టికెట్ డబ్బు పోయింది, హోటల్ డబ్బు పోయింది. కొత్త బూట్లు విప్పనని ఆ పిల్లాడు అరుగు మీద కూర్చుని ఏడవడం నేను చూశాను, ఇప్పటికీ బాధగానే ఉంది.

ఏజెంటుని అడిగితే "పాస్‌పోర్టు సంగతి మీరు చూసుకోవాలి కదండీ" అన్నాడట. టికెట్లు తీయడానికి అందరి పాస్‌పోర్టులూ వాట్సాప్‌లో పంపించుకున్నది ఆయనే. పేరు, నంబరు, గడువు తేదీ అన్నీ టైపు చేసింది ఆయన ఆఫీసులోనే. తేదీ కళ్ళముందే ఉన్నప్పుడు చెప్పాల్సిన బాధ్యత లేదా? పైగా ఆ పాస్‌పోర్టు మీద ఉండేది హిందీ, ఇంగ్లీషు. రోజూ వీటితోనే పనిచేసేవాళ్ళకు తెలిసినంతగా, జీవితంలో ఒకసారి విమానం ఎక్కే రైతుకు ఎలా తెలుస్తుంది?

అన్ని దేశాల లెక్కా ఒకటి కాకపోవడంతో తికమక ఇంకా పెరుగుతోంది. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ లాంటి చోట్ల తిరుగు ప్రయాణం రోజు నుంచి మూడు నెలలు మిగిలి ఉండాలి. అమెరికాకు మనవాళ్ళ విషయంలో ఈ ఆరు నెలల పట్టింపు లేదు, ఉన్నన్నాళ్ళూ చెల్లితే చాలు. అయితే పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉంటే అక్కడ ఉండనిచ్చేది కూడా ఆ తేదీ దాకానే కావచ్చు. కూతురి పురిటికి ఆరు నెలలు ఉండొద్దామని వెళ్ళే తల్లులు ఇది ముందే చూసుకోవాలి.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. గడువు ఇంకా ఏడాది ఉందనగానే కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మనకు భీమవరంలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. మామూలు పుస్తకానికి పెద్దవాళ్ళకు రూ. 1,500, తత్కాల్‌లో అయితే మరో రూ. 2,000. పోయిన టికెట్ల ముందు ఇదెంత? "ఇంకా ఎనిమిది నెలలుందిలే" అనుకుంటూ ఆగడం వల్లే వస్తోంది చిక్కంతా. అపాయింట్‌మెంటు దొరకాలి, పోలీసు విచారణ ఉంటే అదీ అవ్వాలి, కాబట్టి టికెట్లు తీశాక పరుగెత్తితే టెన్షనే మిగులుతుంది.

దరఖాస్తులు నింపే నెట్ సెంటర్లలో, పోస్టాఫీసుల్లో, మీసేవ కేంద్రాల్లో ఈ ఆరు నెలల సంగతి, పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళ సంగతి రాసిన బోర్డు పెట్టించాలి. ఇక టూర్లు అమ్మేవాళ్ళ విషయం వాళ్ళ ఇష్టానికి వదలకూడదు. అడ్వాన్సు పుచ్చుకునే ముందు ప్రతి ప్రయాణికుడి గడువు తేదీ రసీదులో రాసి, సరిపోతుందో లేదో చెప్పి సంతకం చేయాలని జిల్లా అధికారులు గానీ పర్యాటక శాఖ గానీ ఆదేశించాలి. తేదీ తెలిసి కూడా చెప్పకుండా టికెట్ తీసినవాళ్ళు ఆ నష్టంలో వాటా భరించాలి. వచ్చే వేసవి బుకింగులు మొదలయ్యేలోపే ఈ ఆదేశం రావాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం