కోళ్ళు కమ్మే వేళ

ఒహాయో,
నవంబరు 16, 2025, ఆదివారం.

అమ్మకి,

ఉభయకుశలోపరి. నవ్వకు, నాయనమ్మ కార్డు ముక్క ఇట్లాగే మొదలుపెట్టేది కదా, చేతికి అదే వచ్చింది. రేపు ఆఖరి కార్తీక సోమవారం. ఈ ఉత్తరం నీకు చేరేసరికి కార్తీకం వెళ్ళిపోతుంది కాబట్టి కోళ్ళ కబుర్లు రాసినా తప్పులేదు.

ఉద్యోగం బాగానే ఉంది. మా టీములో ఇద్దర్ని తీసేశారు, నన్ను కాదు. దాని సంగతి ఇంతే.

మొన్న ఫోనులో గొంతు అట్లా ఉందేం అంటే జలుబన్నాను. జలుబు కాదమ్మా. ఆరు పెట్టల్లో అయిదు పోయాయి. ఫోనులో చెబితే మధ్యలో ఏడుస్తానని రాస్తున్నాను.

ఇక్కడ నవంబరు 2న గడియారాలు గంట వెనక్కి తిప్పారు. కోళ్ళకి గడియారమేం తెలుసు, పొద్దు వాలగానే ఎప్పట్లాగే గూట్లోకి పోయి దండెమెక్కాయి. రోజూ ఆరింటికి తలుపు మూసే అలవాటు నాది. మంగళవారం మీటింగు సాగి సాగి ఆరున్నరయింది. అప్పటికి చీకటి పడి గంటయింది. టార్చి వేసుకుని వెళితే గూటి తలుపు నేను పొద్దున తీసినట్టే తీసి ఉంది. లోపల ఒక్క చప్పుడు లేదు. వరిగడ్డి మీద ఎర్ర ఈకలు, నీళ్ళ తొట్టి బోర్లాపడి ఉంది. తలెత్తితే కప్పు కింద దూలం మీద తాలు అనే పెట్ట ఒక్కతే కూర్చుని ఉంది. టార్చి మొహాన వేసినా రెప్ప వెయ్యలేదు.

రకూన్ అని ఒకటుంటుంది ఇక్కడ, కళ్ళకి నల్ల గంతలు కట్టుకున్నట్టుంటుంది. ముందు కాళ్ళు చేతుల్లాగే పనిచేస్తాయి, మామూలు గడియ వేసినా తీసేస్తుందట. నేను దానికి ఆ శ్రమ కూడా పెట్టలేదు.

నాన్నకి నువ్వే చెప్పు, నెమ్మదిగా. పేర్లు పెట్టింది ఆయనే కదా. వీడియోలో ఒక్కోదాన్ని పైకెత్తి చూపిస్తే గుంటూరు మిర్చి యార్డులో కాయ చూసినట్టు చూసి తేజ, సన్నం, బాడిగ, 334, 341 అని మిరప రకాల పేర్లే అన్నారు. తెల్లమచ్చల దాన్ని చూసి, రంగు తేలిపోయిన కాయని ఏరేసినట్టు, "ఇది తాలు, పక్కన పెట్టెయ్యి" అన్నారు. ఆ పక్కన పెట్టిందే మిగిలింది.

మీ అల్లుడు గొయ్యి తీశారు, ఏమీ అనలేదు. మర్నాడు పాత వల పీకేసి అరంగుళం కన్నాల గట్టి ఇనప జాలీ కొట్టారు. పలచటి వల కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుందే గానీ లోపలికొచ్చే చేతిని ఆపదట. రెండు గడియలు, పైన ఒక కొక్కెం. తర్వాత కూర్చుని లెక్కేశారు, గూటికీ జాలీకీ మేతకీ అయిన డబ్బుతో పదేళ్ళు గుడ్లు కొనుక్కు తినొచ్చట. బర్డ్ ఫ్లూ వల్ల మార్చిలో డజను 6 డాలర్లు దాటిందని, పెంచుకుంటే కలిసొస్తుందని మొదలుపెట్టింది కూడా ఆయనే, అది మాత్రం లెక్కలో లేదు.

చిన్నది రోజూ అడుగుతోంది, మళ్ళీ పోస్టులో ఎప్పుడొస్తాయని. నీకు చెప్పానో లేదో, ఇక్కడ కోడిపిల్లల్ని పుట్టిన రోజే డబ్బాలో పెట్టి పోస్టులో పంపుతారు. పొట్టలో పచ్చసొన మిగిలుంటుంది కాబట్టి రెండు మూడు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయట. ఏప్రిల్లో పోస్టాఫీసు వాళ్ళు పొద్దున్నే ఫోను చేశారు, మీ డబ్బా అరుస్తోంది వచ్చి తీసుకెళ్ళమని.

మొంథా తుఫానప్పుడు పెరట్లో మామిడికొమ్మ విరిగిందని ఫోను చేశావు గానీ నాన్న మోకాలు వాచిన సంగతి తమ్ముడు చెబితే తెలిసింది. ఇట్లాంటివి దాచకు. నేను దాచానంటావా, నాది కోళ్ళ సంగతి. చిక్కిపోయానని మరదలితో అన్నావట, అదేం లేదు, ఈ ఫోను కెమెరా మొహాన్ని పొడుగ్గా చూపిస్తుంది.

2023లో నువ్వు వచ్చినప్పటి సంగతి ఒకటి రాయాలి. ఆరు నెలలు ఉండమని టికెట్టు తీస్తే ఇరవై నాలుగో రోజుకే కోళ్ళు, కోళ్ళు అన్నావు. నాలుగు కోళ్ళ కోసం మనవరాల్ని వదిలి పోతావా అని ఎయిర్‌పోర్టులో పదిమందిలో అనేశాను. నువ్వేమీ అనలేదు. నా భుజాన ఉన్న బ్యాగు జిప్పు తెరుచుకుని ఉంటే వేసి, లోపలికి వెళ్ళిపోయావు. ఈ జూలైలో చికాగోలో పెళ్ళికి రెండు రాత్రుళ్ళు పోవాల్సొస్తే, సాయంత్రం తలుపు ఎవరు మూస్తారా అని వీధి వీధంతా అడిగాను. ఒకావిడ సరేనంది. పెళ్ళిలో భోజనం దగ్గర కూర్చుని కూడా ఫోనే చూసుకున్నాను, మూశానని మెసేజి పెట్టిందా లేదా అని. నాకు నువ్వే గుర్తొచ్చావు.

మిరప సంగతి నాన్నకి. ముప్పై మొక్కలు పెడితే పది నేనే చంపాను. కోడి ఎరువు వేడి, మాగాక వెయ్యమని నువ్వు చెప్పావు, నేను పచ్చిదే మొక్కల మొదట్లో పోశాను, నాలుగు రోజుల్లో ఆకులు అంచుల నుంచి కాలిపోయినట్టయ్యాయి. మిగతావి కాశాయి, పండాయి కూడా. ఎండబెడదామంటే ఎండ ఏదీ? ఓవెన్లో పెడితే సగం రంగు పోయింది. యార్డులో అయితే టిక్కీ బస్తాలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి చూసి బస్తా పక్కకి నెట్టేవారు. అవును, ఫిబ్రవరిలో మిర్చి ధర క్వింటాలుకి 11,781 రూపాయలని కేంద్రం అన్నప్పుడు నాన్న గంటసేపు అదే మాట్లాడారు కదా, ఆ రోజు ఫోను పెట్టాక గుంటూరు మిరప కోరు వాసన ముక్కుకి తగిలినట్టయి నిజంగానే తుమ్మాను. మీ అల్లుడు నవ్వారు.

గోంగూర ఒక్క రాత్రి మంచుకి పోయింది. పాత దుప్పట్లు కప్పాను. పొద్దున తీసి చూస్తే ఉడకబెట్టిన ఆకులా నల్లగా వేలాడుతోంది. అంతకు ముందే కోసి రెండు సీసాలు పచ్చడి పెట్టాను, ఉప్పు తక్కువైంది. కరివేపాకు కుండీ హాల్లో కిటికీ దగ్గరుంది, రోజుకో ఆకు రాలుస్తోంది. విత్తనాలు పంపుతానన్నావు, వద్దు. కాగితాలు లేకుండా పంపితే ఇక్కడ పట్టుకుంటారు. ఊరగాయ జాడీలో దాచిపెట్టే ఆలోచన అసలు చెయ్యకు, నిన్ను నేనెరుగుదును.

సంక్రాంతికి రాలేం. సెలవు దొరకలేదు. దొరికినా ఈ తాలుని ఎవరికి అప్పజెప్పాలో తెలియదు. ఒక్క కోడి కోసం రావా అని నువ్వు అడగొచ్చు. అడుగు, నాకు రావాల్సిన మాటే అది.

ఉండు, అయిదుంపావు అవుతోంది, కమ్మి వస్తాను.

కమ్మాను. ఆ రాత్రి నుంచి గూట్లోకి రానంటోంది, గ్యారేజీలో పెట్టాను. గంప ఇక్కడెక్కడ దొరుకుతుంది, బట్టల బుట్ట బోర్లిస్తున్నాను. గుడ్డు పెట్టడం మానేసింది. బెదిరిందో, పొద్దు తగ్గిందనో తెలీదు. పద్నాలుగు గంటల వెలుతురుంటేనే బాగా పెడతాయంటారు, ఇప్పుడిక్కడ పదే. నూకలు చేతిలో పోస్తే తింటోంది, కింద పోస్తే ముట్టదు. జత లేకుండా ఒక్కటి ఎన్నాళ్ళుంటుంది? బుట్ట తేలిక, పైన రాయి పెట్టనా, లేక రాయి చప్పుడుకి ఇంకా బెదురుతుందా? ఫోను చేసినప్పుడు ముందు ఇది చెప్పు, తర్వాత తిట్టు.

నీ
బుజ్జి